యిట్రియం ఇంజెక్షన్ తర్వాత మోకాలి స్కాన్ మసగ్గా వచ్చింది, మళ్ళీ పెట్ స్కాన్ తీయించాలాండి?

లంక అబ్బాయి (ముక్తేశ్వరం)
అందరికీ నమస్కారమండి. మా అమ్మ గురించి అడుగుతున్నాను. 58 ఏళ్ళు, కీళ్లవాతం పదకొండేళ్ళ నించీ ఉంది, మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు మీద మిగతా కీళ్ళన్నీ ఓ దారికొచ్చేయి గానీ కుడి మోకాలు మాత్రం లొంగలేదండి, నీరు పట్టడం, వెళ్ళి తీయించడం, స్టిరాయిడ్ సూది వేయించడం, రెండు నెలలు బావుండడం, మళ్ళీ కొబ్బరిబోండంలా పొంగడం, ఇలా నాలుగుసార్లయింది. చివరికి డాక్టరు గారు కీలు లోపలి పొరని ఎండబెట్టే రేడియోధార్మిక మందు ఉంది, యిట్రియం-90 అంటారు, అది వేద్దాం అన్నారు. హైదరాబాద్ తీసుకెళ్ళి వేయించేం. 5 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతకి కొలత) వేసేరు, కాలు కదపకుండా కట్టేరు, అదే రోజు సాయంత్రం గామా కెమెరా మీద పడుకోబెట్టి స్కాన్ తీసేరు.

ఇప్పుడు గొడవేంటంటే ఆ బొమ్మ చాలా మసగ్గా ఉందండి. నల్లటి మచ్చ ఒకటి, దాని చుట్టూ పొగలాగ, మోకాలు ఏదో ఎముక ఏదో తెలీదు. పక్కన సీటీతో కలిపిన రంగు బొమ్మలు ఓ నాలుగున్నాయి, అవి కాస్త నయం. మా వదిన వాళ్ళ తమ్ముడు, తన స్నేహితుడికి వేరేచోట ఇదే మందు వేస్తే పెట్ సీటీ తీసేరట, వాట్సాప్‌లో పెట్టేడు, కీలు గీత గీసినట్టు కనపడుతోంది. మీ అమ్మకి పాత మిషను మీద తీసి పంపించేసేరు, మందు సరిగ్గా పడిందో లేదో దీన్ని బట్టి ఎలా తెలుస్తుంది అంటున్నాడు. అక్కడ ఒక్కరు కూడా మాకు ఎందుకు తీస్తున్నారో రెండు ముక్కలు చెప్పలేదండి, ఆ బాధ వేరు. ఇవాళ నాలుగో రోజు. కారు మాట్లాడి మళ్ళీ తీసుకెళ్ళమంటారా? రాత్రి నిద్ర పట్టట్లేదు.

గామా గది (సొంతూరు నరసాపురం, ఉద్యోగం హైదరాబాద్)
ముందు కారు ఆపండి. నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్టుని, పన్నెండేళ్ళ నించీ ఇదే పని. మీది మిషను పాతదై మసగ్గా రాలేదు, యిట్రియం అలాంటిది. బోన్ స్కాన్‌కి వాడే టెక్నీషియం నించి 140 కేఈవీ (కిరణం శక్తికి కొలత) గామా కిరణం వస్తుంది, మా కెమెరా తయారు చేసిందే దానికోసం. యిట్రియం దాదాపు బీటా కణాలు మాత్రమే వదుల్తుంది, బీటా ఒంట్లోనే ఆగిపోతుంది, బయటికి రాదు. అది ఆగేటప్పుడు పుట్టే ఎక్స్‌రేల్లాంటి కిరణాలు కొన్ని బయటికొస్తాయి, బ్రెమ్‌స్ట్రాలంగ్ అంటారు, మేం వాటినే పట్టుకుని బొమ్మ చేస్తాం. ఎంత ఖరీదైన గామా కెమెరా పెట్టినా ఆ పొగ పోదు.

రిపోర్టులో కింద రాసిన నాలుగు లైన్లు ఇక్కడ టైపు చెయ్యండి, పేరు, నంబర్లు వద్దు. బొమ్మ కన్నా అవి ముఖ్యం.

లంక అబ్బాయి
ఇదిగోండి, నాకు అర్థమైనంతలో. "మందు కుడి మోకాలి కీలు లోపలే ఉంది, పైన మోకాలిచిప్ప వెనక సంచిలోకి కూడా సమంగా పాకింది. చుట్టూ ఉన్న కండలో చేరలేదు. కుడి గజ్జల్లోనూ కాలేయంలోనూ కనపడలేదు." అంతే.

గామా గది
అయితే మీ అమ్మగారి స్కాన్ దేనికి తీసేరో దానికి జవాబు వచ్చేసిందండి. ఇంజెక్షన్ అయ్యేక మేం చూసేది రెండే, మందు కీలు లోపల పడిందా బయట పడిందా, లోపల పడింది అక్కడే ఉందా లింఫ్ దారిలో గజ్జల బిళ్ళల్లోకి పోయిందా. బయట కండలోనో చర్మం కిందో పడితే అక్కడ పుండు పడే ప్రమాదం ఉంటుంది. ఆ రెండూ మీకు లేవు. సీటీ కలిపి తీసేరన్నారు కదా, దాన్ని స్పెక్ట్ సీటీ అంటారు, సీటీ ఎముకలు చూపిస్తుంది, స్పెక్ట్ మందు చూపిస్తుంది, రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తాం. ఉత్త ప్లేనార్ బొమ్మ, అదే మీరు చెప్పిన నల్ల మచ్చ, దాని మీద మాత్రమే ఆధారపడి ఉంటే నేను కూడా కొంచెం ఆలోచించేవాణ్ణి.

ఫిజిక్స్ మేష్టారు (అమలాపురం)
నాయనా, నేను రిటైరైన లెక్చరర్ని, వైద్యం నాది కాదు గానీ ఈ మసక ఎందుకో చెప్పగలను. బీటా అంటే వేగంగా పోయే ఎలక్ట్రాన్, అది ఒంట్లోని పరమాణు కేంద్రకాల పక్క నించి పోతూ వేగం తగ్గించుకుంటుంది, ఆ పోయిన శక్తిలో కొంత కిరణంగా బయటికొస్తుంది. జర్మన్ మాటకి అర్థం కూడా అదే, బ్రేకు వేసినప్పటి కిరణం. ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కోలా బ్రేకు వేస్తుంది కాబట్టి శక్తి ఒక్కటి కాదు, దాదాపు సున్నా నించి 2.28 ఎంఈవీ (అంటే 2,280 కేఈవీ) దాకా ఎంతైనా ఉండొచ్చు. కెమెరా ముందు సీసం జల్లెడ ఉంటుంది, నిటారుగా వచ్చిన కిరణాన్నే లోపలికి రానివ్వాలి, శక్తి ఎక్కువున్నవి ఆ సీసం గోడల్ని కూడా దూసుకొచ్చేస్తాయి, ఒంట్లో చెదిరి పక్కదారిన వచ్చినవి కూడా కలిసిపోతాయి. పుష్యమాసం పొద్దున్నే ముక్తేశ్వరం వైపు నించి కోటిపల్లి రేవు చూసేవుంటావు కదా, మంచులో పడవ దీపం కనపడుతుంది, రేవులో పడవుందని తెలుస్తుంది, అందులో ఎంతమందున్నారో తెలీదు. మీ అమ్మ బొమ్మ అదీ.

అయితే గామా గది గారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించను, పెట్ అక్కర్లేదని తేల్చెయ్యకూడదు. యిట్రియం జిర్కోనియంగా మారేటప్పుడు ఎప్పుడో ఓసారి పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ లాంటిది) కూడా పుడుతుంది, పది లక్షల పరమాణువులు అలా మారితే సుమారు 32 సార్లు. ఆ పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ని కలవగానే రెండూ మాయమై ఒక్కోటి 511 కేఈవీ ఉన్న రెండు కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో పోతాయి, పెట్ యంత్రం ఆ జంటని పట్టుకుంటుంది. రెండు కొసలు దొరికేయంటే మధ్యలో గీత దొరికినట్టే, సీసం జల్లెడతో పని లేదు, బొమ్మ అందుకే గీత గీసినట్టు వస్తుంది. బీటా సగటున 4 మిల్లీమీటర్ల లోపే పోతుంది, ఎంత దూరం పోయినా 11 మిల్లీమీటర్లు, మరి అంత దగ్గర పనిచేసే మందు పొరలో ఏ మూల ఎంత చేరిందో చూడాలంటే మసక బొమ్మ ఏం చెప్తుంది?

గామా గది
మేష్టారూ మీ ఫిజిక్సుకి దండం, నిజమే. కానీ లెక్క కూడా చూడండి. 5 మిల్లీక్యూరీలంటే 185 మెగాబెకరెల్, అంటే సెకనుకి 18.5 కోట్ల పరమాణువులు మారతాయి, మీరు చెప్పిన 32 లెక్కన సెకనుకి పాజిట్రాన్లు 6 వేల లోపే. కేన్సర్ పెట్ స్కాన్‌కి ఎక్కించే ఎఫ్‌డీజీ అనే చక్కెర మందులో నూటికి 97 పాజిట్రాన్లే. అందుకే యిట్రియం పెట్‌కి పేషెంటు ఒకే పొజిషన్లో ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుకోవాలి. పైగా ఇప్పటి పెట్ మిషన్లలో చాలావాటిలో కిరణాల్ని పట్టే స్ఫటికంలోనే లుటీషియం ఉంటుంది, అందులో లుటీషియం-176 సహజంగానే రేడియోధార్మికం, దాని కిరణాలు కూడా కలిసి రొదలాగ అడ్డొస్తాయి. మందు బాగా చేరినచోట బొమ్మ అద్భుతంగా వస్తుంది, ఒప్పుకుంటాను, మోకాలు లాంటి ఒక్కచోట కుదురుగా ఉంటే ఇంకా బావుంటుంది. కొంచెమే చేరినచోట, గజ్జల బిళ్ళలో ఓ శాతం ఉందనుకోండి, సెకనుకి 60 పాజిట్రాన్లు, అది మందో రొదో చెప్పడం మాకు కష్టం.

ఇక ఈయన అడిగింది నాలుగో రోజు వెళ్ళమంటారా అని. యిట్రియం సగం జీవితకాలం, అంటే ఉన్నది సగానికి తగ్గే సమయం, 64 గంటలు, 96 గంటలకి మిగిలేది మూడో వంతు పైచిలుకు. ఉన్న 6 వేలల్లో 2 వేలు మిగుల్తాయి. దానికోసం కట్టు కట్టిన కాలితో కోనసీమ నించి హైదరాబాద్ దాకా కుదుపుల్లో వెళ్ళాలా?

కాటన్ గట్టు (ధవళేశ్వరం)
మధ్యలో అడ్డొస్తున్నానండి, పెట్ అంటే ఆ చక్కెర ఇంజెక్షన్ ఇస్తారు కదా, దానికి మళ్ళీ రేడియేషన్ కదా, ఒకదాని మీద ఒకటా?

గామా గది
ఇందులో వేరే ఇంజెక్షనే లేదండి. మోకాల్లో ఉన్న యిట్రియాన్నే చూస్తారు. సీటీ భాగానికి కొంచెం రేడియేషన్ పడుతుంది, అది స్పెక్ట్ సీటీలో కూడా ఉండేదే.

పాలకొల్లు ఆడపడుచు
లంక అబ్బాయి గారూ అమ్మకి ధైర్యం చెప్పండి. నాకు కూడా ఇదే జబ్బు, మణికట్టుకి వేయించుకున్నాను, కానీ నాది యిట్రియం కాదు, రీనియం-186. మోకాలికి మాత్రమే యిట్రియం, ఎందుకంటే అది లోతుగా పోతుంది, మణికట్టు, మోచెయ్యి, చీలమండ, భుజం లాంటివాటికి రీనియం, వేళ్ళకి ఎర్బియం-169 అని మా డాక్టరమ్మ గారు బొమ్మ వేసి చూపించేరు. నా స్కాన్ మాత్రం చక్కగా వచ్చిందండి, మసక లేదు. కాబట్టి మందు ఏదో తెలియకుండా ఒకరి బొమ్మ పక్కన ఇంకొకరి బొమ్మ పెట్టి పోల్చకూడదు.

ఇంకో మాట, స్కాన్ వల్ల ఏం మారుతుంది అనేవాళ్ళకి నాదొక సాక్ష్యం. మణికట్టులో ఒక్క గది కాదంట, మూడు నాలుగు చిన్న గదులు, అందరికీ అవి కలిసి ఉండవంట. నాకు మందు ముంజేతి ఎముక పక్క గదిలో నిండింది, మధ్య గదిలోకి పోలేదు, స్కాన్‌లో స్పష్టంగా కనపడింది. వాపు కూడా సరిగ్గా సగమే తగ్గింది. ఆ స్కాన్ లేకపోతే మందు పనిచెయ్యలేదు అని వదిలేసేవాళ్ళం, ఆర్నెల్లు ఆగి రెండో గదికి వేసేరు, ఇప్పుడు బియ్యం రుబ్బుకుంటున్నాను.

ఫిజిక్స్ మేష్టారు
చాలా మంచి విషయం చెప్పేవమ్మా. రీనియం బీటాతో పాటు 137 కేఈవీ గామా కూడా వదుల్తుంది, నూటికి తొమ్మిదిసార్లు. టెక్నీషియం 140కి అది పక్కింటి నంబరు, కెమెరాకి బాగా అలవాటైన శక్తి, అందుకే నీ బొమ్మ తేటగా వచ్చింది. ఎర్బియంకి ఆ అదృష్టం లేదు, చెప్పుకోదగ్గ గామా లేదు, పాజిట్రాన్ లేదు, బీటా కూడా బలహీనం, బ్రేకు కిరణం కూడా పెద్దగా రాదు. వేళ్ళకి వేసేక బొమ్మ అడిగితే ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఉండదు. మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళు లుటీషియం-177ని హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం లాంటిది) కణాలకి అంటించి ఈ పనికి తయారు చేసేరు, దానికి 208 కేఈవీ గామా ఉంది, అది కూడా కెమెరాకి బాగానే చిక్కుతుంది.

భీమవరం నాన్న
మా అబ్బాయికి హీమోఫీలియా ఏ అండి, రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. 16 ఏళ్ళు, ఎడమ మోకాల్లో రక్తం కారి కారి పొర మందంగా అయిపోయింది. ఫ్యాక్టర్ ఎనిమిది (రక్తం గడ్డకట్టించేది) ఎక్కించి, ఆ తర్వాత ఇదే ఇంజెక్షన్ వేస్తామన్నారు. ఒకచోట ఫాస్ఫరస్-32 అన్నారు, ఇంకోచోట యిట్రియం అన్నారు. ఈ చర్చ చదివేక అడుగుతున్నాను, ఫాస్ఫరస్‌కి కూడా పెట్ తీస్తారా? బయటికి పోయిందా లేదా అన్నది మాకు చాలా ముఖ్యం, కుర్రాడు కదండి.

గామా గది
ఫాస్ఫరస్-32 పూర్తిగా బీటాయే, పాజిట్రాన్ లేదు కాబట్టి పెట్ కుదరదు, ఉన్నది బ్రెమ్‌స్ట్రాలంగ్ ఒక్కటే. దాని సగం జీవితకాలం 14 రోజుల పైన, అంటే మందు ఎక్కువ రోజులు పనిచేస్తుంది, బయటికి పోయినా ఎక్కువ రోజులు ఉంటుంది. మీరు వేసేవాళ్ళని అడగాల్సింది, "వేసిన రోజు ఒకసారి, ఒకట్రెండు రోజుల తర్వాత ఇంకోసారి, మోకాలితో పాటు గజ్జలు, కాలేయం కూడా తీస్తారా" అని. మోకాలు ఒక్కటే తీస్తే బయటికి పోయింది ఎలా తెలుస్తుంది? చాలామంది మిషను పేరు అడుగుతారు, ఎక్కడెక్కడ తీస్తారు, ఎప్పుడెప్పుడు తీస్తారు అని అడగరు.

వాతం డాక్టర్ (కాకినాడ)
ఆలస్యంగా చూశాను. గామా గది గారు చెప్పినవి సరైనవి. మేష్టారు చెప్పింది కూడా సరైనదే, పరిశోధనకీ, ఏ మూల ఎంత డోసు పడిందో లెక్క కట్టడానికీ పెట్ మెరుగు. కాలేయంలో గడ్డలకి యిట్రియం ఉన్న సూక్ష్మమైన గోళీలు వేసే వైద్యంలో పెట్ బాగా అలవాటైంది, అక్కడ వేసే మోతాదు ఇక్కడికన్నా ఎన్నో రెట్లు. కానీ మోకాలి పేషెంటు ముందు కూర్చున్నప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే, ఈ బొమ్మ వల్ల నేను చేసే పని మారుతుందా? లంక అబ్బాయి గారి అమ్మగారి విషయంలో స్పెక్ట్ సీటీ కీలు లోపలే ఉందని చెప్పింది, పెట్ ఇంకా అందంగా అదే చెప్తుంది. ఒకవేళ స్పెక్ట్ సీటీలో మోకాలి వెనకవైపు మందు గుమిగూడి, అది నీటిబుడగలోనా బయటా అని అనుమానం వచ్చి ఉంటే అప్పుడు నేనే పెట్ అడిగేవాణ్ణి, అదీ మర్నాడే.

ఇంకోటి, ఎవరూ చెప్పలేదు. ఈ స్కాన్ మందు ఎక్కడుందో చెప్తుంది, జబ్బు తగ్గిందో లేదో చెప్పదు. మందు పడ్డ మొదటి రోజుల్లో వాపు, నొప్పి ఎక్కువవ్వచ్చు, కంగారు పడకండి, ఐసు పెట్టండి. అసలు ఫలితం కొన్ని వారాలకి మొదలై నెలల మీద తెలుస్తుంది. దానికి వేరే స్కాన్, మూడు దశల బోన్ స్కాన్. టెక్నీషియం ఎండీపీ అనే బోన్ స్కాన్ మందు ఎక్కించిన మొదటి నిమిషంలో రక్తం పారడం, ఆ తర్వాత కొన్ని నిమిషాలకి పొరలో రక్తం నిలవడం, మూడు గంటలకి ఎముక. రెండో దశే మనకి కావలసింది, పొర వాచి ఉంటే అక్కడ నల్లగా నిండుతుంది. వైద్యానికి ముందు తీసింది, ఆర్నెల్ల తర్వాత తీసింది పక్కపక్కన పెట్టి చూడాలి. ముందు తీసింది ఉందా మీ దగ్గర?

లంక అబ్బాయి
ఉందండి, ఇంజెక్షన్‌కి ముందు వారం తీసేరు. డాక్టరు గారూ, మరి ఆ బోన్ స్కాన్ వచ్చే వారమే తీయించేస్తే?

వాతం డాక్టర్
వద్దు. యిట్రియం ఇంకా ఉంటే దాని కిరణాలు బోన్ స్కాన్‌లో కలిసి పాడుచేస్తాయి. పది సగం జీవితకాలాలు గడిస్తే వెయ్యో వంతుకి దిగుతుంది, అంటే 27 రోజులు. అయినా ఆ లెక్క అక్కర్లేదు, మొదటి నెలల్లో వాపు ఇంజెక్షన్ వల్లో జబ్బు వల్లో తెలీదు. ఆర్నెల్లు ఆగండి. కట్టు విప్పేదాకా మోకాలు కదపొద్దు గానీ పాదం, వేళ్ళు ఆడిస్తూ ఉండమనండి, అస్సలు కదపకపోతే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పిక్క నొప్పి, వాపు వస్తే ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కాటన్ గట్టు
ఇంట్లో చంటిపిల్లలుంటే?

వాతం డాక్టర్
బీటా కీలు దాటి రాదు, బయటికొచ్చేది చాలా తక్కువ. పక్క గదిలో పడుకోబెట్టక్కర్లేదు, కంచం వేరు చెయ్యక్కర్లేదు. చంటిపిల్లని గంటలకొద్దీ ఒళ్ళో పెట్టుకోవడం కొద్దిరోజులు మానమనండి, వేసినచోట ఏ జాగ్రత్తలు రాసిచ్చేరో అవి పాటించండి. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ ఈ మందు వెయ్యరు, ఆ మాట మాత్రం అందరికీ తెలియాలి.

ఫిజిక్స్ మేష్టారు
డాక్టరు గారూ, బొమ్మ వల్ల పని మారుతుందా అన్న మీ ప్రశ్న నాకు నచ్చింది. నేను కొలత బాగుంటే చాలనుకుంటాను, నలభై ఏళ్ళు పాఠం చెప్పిన అలవాటు. కానీ పాలకొల్లు అమ్మాయి మణికట్టు గదుల సంగతి చూడండి, అక్కడ తేట బొమ్మే రెండో ఇంజెక్షన్ వేయించింది. అలాంటి చిక్కు కీలుకి యిట్రియం ఒక్కటే దొరికితే మసక బొమ్మ చాలదు కదా?

వాతం డాక్టర్
చాలదు మేష్టారూ. అక్కడ మీరే నెగ్గారు. కాకపోతే అలాంటి కీలుకి యిట్రియం వెయ్యకపోవడమే మొదటి జాగ్రత్త, చర్మం మరీ దగ్గర.

లంక అబ్బాయి
ఏడు నెలల తర్వాత రాస్తున్నానండి, వర్షాలకి లంకలోకి నీళ్ళొచ్చి బోన్ స్కాన్‌కి నెల ఆలస్యంగా వెళ్ళేం. రెండూ పక్కపక్కన పెట్టి చూపించేరు, నాక్కూడా అర్థమైంది ఈసారి. రెండో దశలో ఇదివరకు మోకాలు చుట్టూ ఉన్న నలుపు చాలా పలచబడింది. మూడో దశలో మాత్రం లోపలివైపు ఎముక అలాగే ఉంది, అది అరుగుదల, దానికి ఈ మందు పనిచెయ్యదు, పొరకే పనిచేస్తుంది అన్నారు. మొదటి నెల అమ్మ చాలా బాధపడిందండి, రెండో నెల చివర్నించి వాపు దిగడం మొదలైంది, ఈ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నీరు తీయించలేదు. కింద కూర్చోలేదు గానీ రేవు మెట్లు గోడ పట్టుకుని దిగుతోంది. ఆ రోజు కారు మాట్లాడకుండా ఆపినందుకు గామా గది గారికి మా అమ్మ ప్రత్యేకంగా నమస్కారం చెప్పమంది. స్కాన్లన్నీ సీడీతో సహా ఒక్క సంచిలో పెట్టేను.

భీమవరం నాన్న
చాలా సంతోషమండి. మా వాడికి వచ్చే బుధవారం. యిట్రియమే. వేసిన రోజు ఒకటి, రెండో రోజు ఒకటి, గజ్జలతో సహా స్పెక్ట్ సీటీ తీస్తామని కాయితం మీద రాయించుకున్నాను. రెండో రోజు స్కాన్‌కి పొద్దున్న ఫ్యాక్టర్ మళ్ళీ ఎక్కించాలా, కాలు కదిపించకుండా బల్ల మీదకి ఎలా చేరుస్తారు?

గామా గది
ఫ్యాక్టర్ ఎప్పుడు, ఎంత అన్నది మీ రక్తం డాక్టరుని అడగండి, అది నేను చెప్పకూడదు. బల్ల మీదకి మాత్రం కట్టు విప్పకుండా స్ట్రెచర్ మీంచి దుప్పటితో జరుపుతాం, కట్టు బొమ్మకి అడ్డం కాదు. మంగళవారం రాత్రి ఇక్కడ ఓ మెసేజ్ పెట్టండి, మేలుకునే ఉంటాను.